చక్రవర్తి తల్లికీ దక్కని ఉపశమనం

తల్లి బ్రిటన్ మహారాణి. భర్త జర్మనీ చక్రవర్తి. ఆయన తర్వాత కొడుకూ చక్రవర్తే. అయినా క్యాన్సర్ ఆ ఇంటిని వదల్లేదు. ముందు భర్తను తీసుకెళ్లింది. పదేళ్లకు ఆమెకే వచ్చింది. సరైన చికిత్స లేని ఆ రోజుల్లో రెండున్నరేళ్లకు పైగా జబ్బుతో బతికిన ఆ తల్లి, ఆ అమ్మమ్మ కథలో ఇప్పటి కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులెన్నో ఉన్నాయి. ముఖ్యంగా నొప్పి గురించి.

విక్టోరియా మహారాణి పేరు మనకు కొత్త కాదు. మన దేశాన్నీ ఏలిన రాణి ఆమె. అదే పేరు పెట్టుకున్న ఆమె పెద్ద కూతురి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఇంట్లో అందరూ ఆమెను విక్కీ అని పిలిచేవారు. చరిత్ర పుస్తకాల్లో ఎంప్రెస్ ఫ్రెడరిక్‌గా కనిపిస్తారు. 60 ఏళ్ల జీవితంలో ఆమె 8 మంది పిల్లల్ని కన్నారు. ఇద్దరిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. గొంతు క్యాన్సర్‌తో మాట పడిపోయిన భర్తను దగ్గరుండి చూసుకున్నారు. చివరికి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పదిహేడేళ్లకే అత్తవారింటికి

విక్కీ 1840 నవంబరు 21న లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పుట్టారు. విక్టోరియా, ఆల్బర్ట్ దంపతులకు తొలి సంతానం. చాలా చురుకైన పిల్ల. తండ్రికి ఆమె అంటే ప్రాణం. చరిత్ర, రాజకీయాలు, విజ్ఞానశాస్త్రం అన్నీ దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పేవారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన చూడటానికి ప్రష్యా రాజకుటుంబం వచ్చింది. వారిలో 19 ఏళ్ల ఫ్రెడరిక్ కూడా ఉన్నారు. పదేళ్ల విక్కీయే ఆయనకు ప్రదర్శన వింతలు చూపించారు. నాలుగేళ్ల తర్వాత ఆయన మళ్లీ వచ్చి పెళ్లి మాట ఎత్తారు. 1858 జనవరి 25న పెళ్లి జరిగింది. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. రాజుల ఇళ్లలో పెళ్లిళ్లు రాజకీయం కోసం జరిగే కాలంలో ఇది ఒకరినొకరు ఇష్టపడి చేసుకున్న పెళ్లి. 30 ఏళ్ల పాటు ఆ ప్రేమ అలాగే నిలిచింది.

అత్తవారిల్లు మాత్రం అంత సుఖంగా లేదు. బెర్లిన్ రాజప్రాసాదంలో చలి, చీకటి గదులు. స్త్రీలు చదవకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు అనే వాతావరణం. ప్రజలు ఎన్నుకునే పార్లమెంటుకు అధికారం ఉండాలని నమ్మిన విక్కీని అక్కడ పరాయిదానిగానే చూశారు. ఇంగ్లిష్ మహిళ అని వెనక మాట్లాడుకునేవారు. ఆమె మనసు విప్పుకోవటానికి ఉన్న ఒకే దారి ఉత్తరం. తల్లీకూతుళ్లు నలభై ఏళ్లకు పైగా వేలకొద్దీ ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాల సంగతి మళ్లీ వస్తుంది.

తొలి కాన్పు, మొదటి గాయం

1859 జనవరి 27న విక్కీకి తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. నిపుణుడైన వైద్యుడికి కబురు ఆలస్యంగా అందింది. గంటల తరబడి నొప్పులు పడ్డారు. చివరికి క్లోరోఫామ్ ఇచ్చి బిడ్డను బయటకు లాగారు. పుట్టగానే బిడ్డ ఏడవలేదు. ఎలాగో ఊపిరి పోశారు గానీ, కొద్ది రోజులకు ఎడమ చేయి కదలటం లేదని తెలిసింది. కాన్పు సమయంలో మెడ నుంచి చేతికి వచ్చే నాడులు దెబ్బతినటం వల్ల ఇలా అవుతుంది. ఆ బిడ్డే తర్వాత జర్మనీ చక్రవర్తి అయిన రెండో విల్హెల్మ్.

క్లోరోఫామ్ గురించి ఇక్కడో మాట చెప్పుకోవాలి. కాన్పు నొప్పులు దేవుడు పెట్టినవి, తల్లి భరించాల్సిందే అని మతాధికారులూ కొందరు వైద్యులూ వాదిస్తున్న రోజులవి. 1853లో విక్టోరియా మహారాణి తన ఎనిమిదో కాన్పుకు డాక్టర్ జాన్ స్నోను పిలిపించి క్లోరోఫామ్ తీసుకున్నారు. మహారాణే తీసుకున్నాక మిగతావారికీ జంకు తగ్గింది. నొప్పిని తగ్గించుకోవటం తప్పు కాదని లోకానికి చూపిన తల్లి ఆమె. అలాంటి తల్లికి పుట్టిన పెద్ద కూతురు చివరి రోజుల్లో నొప్పికి తగినంత మందు దొరక్క బాధపడ్డారు.

విల్హెల్మ్ చేతిని బాగుచేయాలని వైద్యులు చేయని ప్రయత్నం లేదు. విద్యుత్తు పెట్టారు. కుడి చేతిని ఒంటికి కట్టేసి ఎడమ చేతిని వాడించబోయారు. అప్పుడే చంపిన కుందేలు శరీరంలో చేయి పెట్టించారు. మెడ నిటారుగా నిలబడటానికి ఇనుప కడ్డీల యంత్రం తగిలించారు. ఏదీ పనిచేయలేదు. ఆ చేయి రెండోదాని కన్నా సుమారు 15 సెంటీమీటర్లు పొట్టిగా ఉండిపోయింది. బిడ్డకు తన వల్లే ఇలా జరిగిందనే బాధ విక్కీని వదల్లేదు. ఆ లోటు కనబడకూడదని చదువులోనూ గుర్రపు స్వారీలోనూ కొడుకును గట్టిగా తోమించారు. ప్రేమతో చేసిన ఆ పట్టుదలే తల్లీకొడుకుల మధ్య దూరం పెంచింది.

పోయిన ఇద్దరు

మొదటి ముగ్గురు పిల్లలకూ దాదుల పాలే. తల్లి, అత్త ఇద్దరూ రాణులు పాలివ్వకూడదని పట్టుబట్టారు. నాలుగో బిడ్డ సిగిస్మండ్ 1864లో పుట్టినప్పుడు విక్కీ ఎవరి మాటా వినలేదు. తనే పాలిచ్చి పెంచారు. తల్లికి కోపం వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాతి పిల్లలకూ అంతే.

ఆ సిగిస్మండే 21 నెలల వయసులో, 1866 జూన్‌లో మెదడు పొరల వాపుతో చనిపోయాడు. భర్త యుద్ధానికి వెళ్లారు. కొడుకు అంత్యక్రియలకూ రాలేకపోయారు. 1879 మార్చి 27న మరో దెబ్బ. 11 ఏళ్ల వాల్డెమార్‌ను డిఫ్తీరియా (కంఠసర్పి) తీసుకెళ్లింది. అంతకు కొద్ది నెలల ముందే అదే జబ్బుతో విక్కీ చెల్లెలు ఆలిస్, ఆమె చిన్న కూతురు చనిపోయారు. అప్పటికి డిఫ్తీరియాకు మందు లేదు. సరిగ్గా 11 ఏళ్ల తర్వాత, 1890లో, అదే బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో దాని విషాన్ని విరిచే సీరం కనిపెట్టారు. ఇప్పుడు మన పిల్లలకు నెలల వయసులోనే ఇచ్చే టీకాల్లో డిఫ్తీరియా టీకా ఉంటుంది. దాని విలువ విక్కీ లాంటి తల్లులకు తెలుసు.

దుఃఖాన్ని దిగమింగి ఆమె పనిలో పడ్డారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే ఆమెకు ఎంతో గౌరవం. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం జరిగినప్పుడు హోంబర్గ్‌లో సైనికుల ఆస్పత్రిని దగ్గరుండి తీర్చిదిద్దారు. కిటికీలు తెరిపించి గాలి, వెలుతురు రానిచ్చారు. శుభ్రత పాటించేలా చూశారు. చదువుకున్న అమ్మాయిలు నర్సులుగా శిక్షణ పొందటానికి బెర్లిన్‌లో ఏర్పాట్లు చేయించారు. స్త్రీలకు చదువు, చేతిపని నేర్పే సంస్థలకు అండగా నిలిచారు. 1890లో బెర్లిన్‌లో తెరిచిన పిల్లల ఆస్పత్రికి ఈ దంపతుల పేరే పెట్టారు.

బొంగురుపోయిన గొంతు

1887 జనవరిలో ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. చలికాలం కదా, జలుబేమో అనుకున్నారు. వారాలు గడిచినా తగ్గలేదు. మార్చిలో వైద్యుడు గెర్హార్ట్ చూస్తే స్వరపేటికలో ఎడమ స్వరతంత్రి మీద చిన్న బుడిపె కనిపించింది. ఎర్రగా కాల్చిన తీగతో దాన్ని మాడ్చారు. మళ్లీ పెరిగింది. ఇది క్యాన్సరే, గొంతు కోసి కణితిని తీసేయాలని శస్త్రచికిత్స నిపుణుడు బెర్గ్‌మన్ అన్నారు. ఆ రోజుల్లో అది ప్రాణాల మీదికి తెచ్చే ఆపరేషన్. బతికినా మాట పోవచ్చు.

ఆపరేషన్‌కు ముందు గొంతు వైద్యంలో పేరున్న లండన్ వైద్యుడు మోరెల్ మెకంజీని పిలిపించారు. ఆయన బుడిపె నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. చూసింది మామూలు వ్యక్తి కాదు, కణాల జబ్బుల శాస్త్రానికి ఆద్యుడైన రుడాల్ఫ్ విర్కో. తనకిచ్చిన ముక్కల్లో క్యాన్సర్ లేదన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆపరేషన్ ఆగిపోయింది. జూన్‌లో ఫ్రెడరిక్ లండన్ వెళ్లి, అత్తగారి పాలన స్వర్ణోత్సవ ఊరేగింపులో గుర్రం మీద ఠీవిగా పాల్గొన్నారు.

ఆ ఊరట ఎన్నాళ్లో నిలవలేదు. నవంబరులో ఇటలీలోని సాన్ రెమోలో ఉండగా కణితి పెరిగిపోయింది. క్యాన్సరేనని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయటమా, ఇలాగే ఉండటమా అని వైద్యులు అడిగితే ఫ్రెడరిక్ పెద్ద ఆపరేషన్ వద్దన్నారు. 1888 ఫిబ్రవరి 9న ఊపిరాడక మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వచ్చింది. మాట పూర్తిగా పోయింది. చెప్పాల్సింది కాగితాల మీద రాసి చూపేవారు.

నెల తిరక్కుండానే, మార్చి 9న, తండ్రి చనిపోవటంతో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యారు. మాట లేని చక్రవర్తి. 99 రోజులే ఏలారు. ఆ రోజులన్నీ విక్కీ ఆయన పక్కనే ఉన్నారు. బయటివారి ముందు ధైర్యంగా, నవ్వుతూ కనిపించేవారు. దానికీ నిందలు వచ్చాయి. భర్త చావుబతుకుల్లో ఉంటే నవ్వుతోందన్నారు. ఇంగ్లిష్ భార్య, ఇంగ్లిష్ డాక్టర్ కలిసి జర్మన్ వైద్యుల మాట విననివ్వలేదని పత్రికలు రాశాయి. జూన్ 15న ఫ్రెడరిక్ కన్నుమూశారు. ఆ వెంటనే కొత్త చక్రవర్తి విల్హెల్మ్ సైనికులతో ప్యాలెస్‌ను చుట్టుముట్టించి, తల్లిదండ్రుల కాగితాల కోసం వెతికించారు. భర్త పోయిన రోజునే కన్నకొడుకు చేసిన ఆ పని విక్కీ ఎన్నటికీ మరవలేదు.

కొండ వాలున అమ్మమ్మ ఇల్లు

బెర్లిన్‌లో ఆమెకు ఇక చోటు లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర టౌనస్ కొండల వాలున, క్రోన్‌బెర్గ్‌లో స్థలం కొని ఇల్లు కట్టించారు. భర్త పేరు మీద దానికి ఫ్రీడ్రిక్స్‌హోఫ్ అని పేరు పెట్టారు. 1893 నాటికి కట్టడం పూర్తయింది. పుస్తకాలు, బొమ్మలు, తోట, తను గీసుకునే చిత్రాలు. అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లల పిల్లలు.

నానమ్మగా ఆమెకు అంతగా కలిసిరాలేదు. విల్హెల్మ్‌కు ఆరుగురు కొడుకులు, ఒక కూతురు. తల్లీకొడుకుల మధ్య ఉన్న దూరం వల్ల ఆ మనవలతో చనువు తక్కువే. అమ్మమ్మగా మాత్రం తృప్తి దొరికింది. కూతురు సోఫీ గ్రీసు యువరాజును పెళ్లాడి ఏథెన్స్ వెళ్లింది. ఆమెకు విక్కీ ఎడతెగకుండా ఉత్తరాలు రాసేవారు. ఒకప్పుడు తన తల్లి తనకు రాసినట్టే. చిన్న కూతురు మార్గరెట్ హెస్సే రాకుమారుణ్ని పెళ్లాడి దగ్గర్లోనే ఉండేది. ఆమెకు అందరూ మగపిల్లలే. 1896లో కవలలు పుట్టారు. ఆ పిల్లలతో అమ్మమ్మ ఇల్లు సందడిగా ఉండేది.

రొమ్ములో కణితి

1898 చివర్లో, తల్లిని చూడటానికి స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ వెళ్లినప్పుడు విక్కీకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్‌తో తీసేసే దశ దాటిపోయిందని వైద్యులు చెప్పారు. అప్పటికి ఆమెకు దాదాపు 58 ఏళ్లు. 79 ఏళ్ల తల్లికి ఆ మాట ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అప్పటి వైద్యం పరిస్థితి చూస్తే ఆమె ముందు దారులు ఎంత తక్కువో అర్థమవుతుంది. రొమ్మును, కింది కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్ అప్పటికే ఉంది. కానీ జబ్బు తొలిదశలో ఉంటేనే దానివల్ల మేలు. ఎక్స్‌రేలు కనిపెట్టి మూడేళ్లయింది. క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నట్టు ప్రకటించింది ఆ 1898 డిసెంబరులోనే. రేడియేషన్ చికిత్సగా మారటానికి ఇంకా సమయం ఉంది. కీమోథెరపీ, హార్మోన్ మాత్రలు ఊహలో కూడా లేవు.

పదేళ్ల కిందట భర్త జబ్బు వీధిన పడి ఎంత రచ్చ అయిందో విక్కీకి గుర్తుంది. అందుకే తన జబ్బు సంగతి మొదట కొద్దిమంది ఆత్మీయులకే చెప్పారు. నడుము నొప్పి వల్ల బయటికి రావటం లేదని లోకం అనుకుంది. ఓపిక ఉన్నన్నాళ్లూ తోటలో తిరిగారు, ఉత్తరాలు రాశారు, పిల్లల్ని దగ్గరికి పిలిపించుకున్నారు. 1900 శరత్కాలం నాటికి క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇక మంచమే గతి అయింది. 1901 జనవరి 22న విక్టోరియా మహారాణి ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. మనవడు విల్హెల్మ్ ఆమె పక్కన ఉన్నారు. పెద్ద కూతురు మాత్రం మంచం దిగలేని స్థితిలో ఉండి తల్లి కడచూపుకు వెళ్లలేకపోయారు.

మందు ఉంది, ఇచ్చే చేయి లేదు

క్యాన్సర్ ఎముకల్లోకి చేరితే నొప్పి తీవ్రంగా ఉంటుంది. వెన్నులో అయితే నాడులు కూడా నొక్కుకుపోతాయి. పడుకున్నా కూర్చున్నా పక్కకు తిరిగినా నొప్పే. దానికి మందు అప్పటికే ఉంది. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరు చేసింది సెర్ట్యూర్నర్ అనే జర్మన్ మందుల తయారీదారే. 1827 నుంచి మార్ఫిన్‌ను పెద్దఎత్తున తయారుచేసి అమ్మిన మెర్క్ కంపెనీ ఉన్న డార్మ్‌స్టాట్, విక్కీ ఉంటున్న క్రోన్‌బెర్గ్‌కు దగ్గరి ఊరే. ఒంట్లోకి మందు ఎక్కించే సూదులు వచ్చి కూడా దాదాపు 50 ఏళ్లయింది.

వైద్యులు మార్ఫిన్ ఇస్తూనే ఉన్నారు. కానీ ఆ మోతాదు చాలటం లేదు. సూది వేసిన కాసేపు ఊరట. మళ్లీ మొదలు. 1901 ఫిబ్రవరిలో, కొత్తగా రాజైన తమ్ముడు ఏడో ఎడ్వర్డ్ అక్కను చూడటానికి క్రోన్‌బెర్గ్ వచ్చారు. వెంట తన వైద్యుడు సర్ ఫ్రాన్సిస్ లేకింగ్‌ను తెచ్చారు. నొప్పి తగ్గే మందు మోతాదు పెంచేలా జర్మన్ వైద్యులను ఒప్పించగలరేమోనని ఆయన ఆశ. అది జరగలేదు. మళ్లీ ఇంగ్లిష్ డాక్టర్ వచ్చాడా అని జర్మన్ వైద్యులు చిరాకుపడ్డారు. ఫ్రెడరిక్ జబ్బప్పుడు మెకంజీతో వచ్చిన గొడవ 14 ఏళ్లయినా చల్లారలేదు.

ఇద్దరు చక్రవర్తులు, ఒకరు తమ్ముడు, ఒకరు కొడుకు, ఒకే ఇంట్లో ఉన్నారు. రెండు దేశాల వైద్యులు ఉన్నారు. మందు ఉంది. అయినా పైగదిలో మంచం మీద ఉన్న మనిషి నొప్పి తగ్గలేదు. మోతాదు పెంచితే ఏమవుతుందోననే జంకు, మా వైద్యంలో మీరెవరనే పట్టింపు ఆమెకూ మందుకూ అడ్డుగా నిలిచాయి.

అర్ధరాత్రి దాటిన రెండు పెట్టెలు

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం, తమ్ముడి వెంట వచ్చిన అధికారి ఫ్రెడరిక్ పాన్సన్‌బీని విక్కీ తన గదికి పిలిపించారు. అతను ఆమెకు జ్ఞానపుత్రుడు కూడా. దిండ్లకు ఆనుకొని, నొప్పితో మాట కూడా కష్టమైన స్థితిలో ఉన్న ఆమె ఒకే కోరిక కోరారు. తన ఉత్తరాలను ఇంగ్లండ్ తీసుకెళ్లాలి. విషయం కొడుక్కి తెలియకూడదు. రాత్రి ఒంటిగంటకు రెండు పెద్ద పెట్టెలు అతని గదికి చేరాయి. ఒకదాని మీద పుస్తకాలని, ఇంకోదాని మీద పింగాణీ సామానని రాసి, సైనికుల కళ్ల ముందే వాటిని దాటించాడు. 1928లో ఆ ఉత్తరాల్లో కొన్నింటిని పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకం రాకుండా ఆపాలని విల్హెల్మ్ ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

ఇక మిగిలింది కొద్ది నెలలు. 1901 మే 14న మార్గరెట్‌కు మళ్లీ కవలలు పుట్టారు. మంచం మీదున్న అమ్మమ్మకు మరో ఇద్దరు మనవలు. ఆగస్టు 5న విక్కీ కన్నుమూశారు. తల్లి పోయి ఏడు నెలలు కూడా కాలేదు. పోట్స్‌డామ్‌లోని ఫ్రీడెన్స్‌కిర్కె సమాధి మందిరంలో భర్త పక్కనే ఆమెను ఉంచారు. చిన్నప్పుడే పోయిన సిగిస్మండ్, వాల్డెమార్ కూడా అక్కడే ఉన్నారు. క్రోన్‌బెర్గ్ ఇల్లు చిన్న కూతురికి దక్కింది. ఇప్పుడది హోటల్.

మన ఇళ్లలో ఏం చేయొచ్చు?

విక్కీ ఇంట్లో జరిగిన వాటిలో చాలావాటికి ఇప్పుడు పరిష్కారాలున్నాయి. వాటిని వాడుకోవటం మన చేతుల్లో ఉంది.

గొంతు బొంగురు: మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా పొగ తాగేవారు, మద్యం అలవాటున్నవారు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. స్వరపేటిక క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే చాలామందికి మాట పోకుండానే నయం చేయొచ్చు. ముక్క తీసి చేసిన పరీక్షలో (బయాప్సీ) క్యాన్సర్ లేదని వచ్చినా అనుమానం తీరకపోతే మళ్లీ చేయాల్సి రావొచ్చు. తీసిన ముక్కలో జబ్బు లేనంత మాత్రాన పక్కన లేదని కాదు. విర్కో అంతటివాడు చూసినా జరిగింది ఇదే.

రొమ్ములో మార్పు: గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి లాక్కుపోవటం, చనుమొన నుంచి రక్తం, చంకలో గడ్డ. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. తొలిదశలో చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవటమే ప్రమాదం. పిల్లలూ మనవల పనుల్లో పడి తన ఒంటి సంగతి చివరికి నెట్టే అమ్మలు, అమ్మమ్మలు మన ఇళ్లలోనూ ఉన్నారు. సిగ్గుతో చెప్పకపోవచ్చు కూడా. కూతుళ్లు, కోడళ్లు మెల్లగా అడగాలి. వెంటబెట్టుకొని తీసుకెళ్లాలి.

వెన్ను నొప్పి: క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్నవారిలో విడవకుండా, రాత్రిళ్లు ఎక్కువగా వెన్ను నొప్పి వస్తుంటే డాక్టర్‌కు చెప్పాలి. కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు కూడా విలువైనవే. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పిని రేడియేషన్‌తో బాగా తగ్గించవచ్చు.

మార్ఫిన్ అంటే భయం వద్దు: క్యాన్సర్ నొప్పికి ఏ దశలో ఏ మందు ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే దారి చూపింది. నొప్పి వచ్చాక కాకుండా, వేళకు మందు ఇవ్వాలి. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతుందో రోగినే అడిగి, దాన్నిబట్టి మోతాదు మార్చాలి. మార్ఫిన్ మాత్రల రూపంలోనూ దొరుకుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడితే వ్యసనంగా మారటం అరుదు. మార్ఫిన్ మొదలుపెట్టారంటే చివరి రోజులొచ్చాయని కూడా కాదు. మలబద్ధకం మామూలుగా వస్తుంది కాబట్టి దానికి ముందుగానే మందు వాడాలి. మోతాదు సొంతంగా పెంచటం, ఉన్నట్టుండి ఆపేయటం, వేరొకరికి ఇవ్వటం చేయకూడదు. పిల్లలకు అందకుండా దాచాలి.

ఎక్కడ అడగాలి: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మన దగ్గర చాలాకాలం ఆస్పత్రులకు మార్ఫిన్ దొరకటం కష్టమైంది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆస్పత్రులకు నిబంధనలు సులభం చేశారు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలోనూ, ఇతర పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లోనూ ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగాలు ఉన్నాయి. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, దిగులు అన్నింటినీ వీరు చూస్తారు. క్యాన్సర్ చికిత్స నడుస్తుండగానే వీరిని కలవొచ్చు. ఇక చేసేదేం లేదని ఎవరైనా అంటే, నొప్పి తగ్గించటానికి ఏం చేస్తారని అడగటం కుటుంబం హక్కు.

మాట్లాడుకోవాలి: విక్కీకి తన ఉత్తరాలు ఎక్కడ ఉండాలనేది పెద్ద బెంగ. ప్రతి రోగికీ అలాంటి బెంగ ఒకటి ఉంటుంది. ఇల్లు ఎవరికి, నగలు ఎవరికి, ఫలానా మనవరాలి పెళ్లి ఎప్పుడు, ఆస్పత్రిలో ఉండాలా ఇంట్లోనా. బాధపడతారని మనం దాచిపెడితే, మనం బాధపడతామని వారూ దాచిపెడతారు. దగ్గర కూర్చొని అడిగితే చాలాసార్లు వారే చెబుతారు. చికిత్స గురించి ఇంట్లోవాళ్ల మధ్య, డాక్టర్ల మధ్య అభిప్రాయభేదాలు వస్తే అవి గది బయట తేల్చుకోవాలి. అవి తేలేదాకా లోపలున్న మనిషికి నొప్పి మందు ఆగకూడదు.